దయకు ఐదు మార్కులు

"దయ" అనే మాటను ఎంచింది నేనే. ఆ నేరాన్ని ఇంకెవరి మీదికీ నెట్టడానికి వీల్లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. మాట విషయంలో నాకు తిరుగు లేదని లోపల ఒక పొగరు ఉండేది. పిల్లల వ్యాసాల్లో తప్పు మాట కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన నా మాట రాసేదాన్ని. ఇప్పుడు ఆ పొగరు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇది రెండేళ్ళ కిందటి సంగతి. గోదావరికి పెద్ద వరద వచ్చి పోయాక రాజమండ్రిలో ఒక సంస్థ వాళ్ళు మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టారు. వరదలో దెబ్బ తిన్న జనం ఆ కష్టకాలంలో తమను తాము ఎంత దయగా చూసుకుంటున్నారో కొలవడం వాళ్ళ పని. వినగానే నవ్వొచ్చింది. మాది మండపేటలో కిరాణా వ్యాపారం చేసిన కుటుంబం. ఊరి నిండా రైసు మిల్లులు, రోడ్డు నిండా ధాన్యం లారీలు. కాటా మీద పెట్టగలిగినదాన్నే మా ఊళ్ళో కొలుస్తారు. మనిషి తనను తాను ఎలా చూసుకుంటున్నదో ఏ కాటా మీద పెట్టి చూస్తారు?

ఆ ఆఫీసు నడిపే మేడమ్‌కు ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. విశాఖపట్నం మనిషి. తెలుగు టీచరు కావాలని నన్ను పిలిపించింది. ఎంత మెత్తగా మాట్లాడుతుందంటే ఎదుటివాళ్ళకు తమ గొంతే మొరటుగా వినిపిస్తుంది.

"చాలా సింపుల్ అండి టీచర్ గారూ," అంది. "పన్నెండు ప్రశ్నలు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. కష్టం వచ్చినప్పుడు మన ఫ్రెండుని ఎలా ఓదారుస్తామో మనల్ని మనం అలా ఓదార్చుకుంటున్నామా, లేకపోతే తిట్టుకుంటున్నామా, అదే పాయింటు. బాగా తక్కువ మార్కులు వచ్చినవాళ్ళ ఇంటికి మా కౌన్సిలర్ వారం వారం వస్తుంది. ఏడాది పాటు కూర్చుని వింటుంది, మాట్లాడుతుంది. ఎక్కువ వచ్చినవాళ్ళకి మన అవసరం లేదు."

ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిని తెలుగులో పెట్టాలి. చదువు రాని ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, చదివి వినిపించి, వాళ్ళు చెప్పిన జవాబుకు టిక్కు పెట్టాలి. నాకు అప్పగించింది ఏటిగట్టుకు అవతల, నీటి పక్కన, చేపలు పట్టుకుని బతికేవాళ్ళ పేట. నలభై ఇళ్ళు. ఇంట్లో ఊరికే కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నదాన్ని, సరేనన్నాను.

తెలుగులో పెట్టేటప్పుడు ఎంత హడావుడి చేశానో. "జాలి" వద్దన్నాను, తన మీద తాను జాలి పడేవాళ్ళను మన వాళ్ళు మెచ్చరు. "కరుణ" నాటకాల్లో మాట. "కనికరం" అంటే చర్చిలో ప్రార్థన చేస్తున్నట్టు ఉంటుంది. "ప్రేమ"ను సినిమావాళ్ళు ఎప్పుడో పాడు చేశారు. మూడు రోజులు ఆలోచించి "దయ" దగ్గర ఆగాను. చిన్న మాట, అందరి నోటా నలిగిన మాట, ముసలమ్మకు కూడా అర్థమయ్యే మాట. "కష్టాలు వచ్చినప్పుడు మీ మీద మీకు దయ ఉంటుందా?" అని మొదటి ప్రశ్న రాసి పైకి చదివి వినిపిస్తే మేడమ్ చప్పట్లు కొట్టింది. నేను సిగ్గు లేకుండా మురిసిపోయాను. పన్నెండు ప్రశ్నల్లోనూ ఆ మాటే పెట్టాను.

అలవాటు కోసం ముందు నా కాగితం నేనే నింపుకున్నాను. అన్నిటికీ ఒకటి, రెండు తప్ప పడలేదు. అందులో కూడా నాకు గొప్పే అనిపించింది. మా నాన్న కొట్లో తూకం తప్పినా, మాట తప్పినా అరచేత్తో తన నుదురు టపటపా కొట్టుకునేవాడు. తప్పు చేసినవాడు ముందు తనను తాను తిట్టుకోవాలి, అప్పుడు ఎదుటివాడికి తిట్టడానికి ఏమీ మిగలదు అని మాకు నేర్పాడు. నేను అలాగే పెరిగాను, నా దగ్గర చదువుకున్న పిల్లల్ని కూడా అలాగే పెంచాను. వాళ్ళెవరైనా ఇది చదివితే నన్ను క్షమించాలి.

పేటకు మొదటిసారి వెళ్ళిన రోజు గుర్తుంది. వలలు ఆరేసిన కర్రల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్తుంటే, ఏ గుమ్మం ముందు ఆగినా ముందు కుర్చీ వచ్చేది. ఆ ఒక్క ప్లాస్టిక్ కుర్చీయే ఇంటింటికీ నా వెనకాలే తిరిగిందని సాయంత్రానికి గాని తెలియలేదు. ఆడవాళ్ళు నేల మీద కూర్చుని, తల మీద కొంగు సర్దుకుని, బళ్ళో పిల్లల్లా నా వైపు చూసేవాళ్ళు.

"కష్టాలు వచ్చినప్పుడు మీ మీద మీకు దయ ఉంటుందా అమ్మా?" అని చదివేదాన్ని.

"ఆయ్. ఉంటదండి. ఎందుకుండదండి."

"ఎప్పుడూ ఉంటుందా, అప్పుడప్పుడా?"

"ఎప్పుడూ ఉండాలండి. మీబోటోళ్ళ దయ ఉంటేనే కదండీ మేం బతికేది."

నేను "ఎప్పుడూ" అనే గడిలో టిక్కు పెట్టేదాన్ని. ఐదు మార్కులు.

చదువుతున్న మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. గోదావరి జిల్లాల్లో ఎవరినైనా ఎలా ఉన్నావని అడిగితే "మీ దయ వల్ల బాగున్నానండి" అంటారు. ఇల్లు కాలిపోయినవాడూ అదే అంటాడు, కొత్త ఇల్లు కట్టినవాడూ అదే అంటాడు. అది జవాబు కాదు, నమస్కారం. నేను "మీ మీద మీకు దయ" అంటుంటే వాళ్ళ చెవిన పడింది "మీ దయ" ఒక్కటే. పరాయి మనిషి కుర్చీలో కూర్చుని, చేతిలో కాగితం పెట్టుకుని, దయ ఉందా అని అడిగితే లేదని ఎవరంటారు? లేదంటే వచ్చినావిడ మొహం మీద కొట్టినట్టు కదా. నలభై మందీ మర్యాదగా ఉందన్నారు. నలభై సార్లూ నేను టిక్కు పెట్టాను. పుట్టిన దగ్గర నుంచి రోజుకు పదిసార్లు నేను కూడా అనే మాటే అది. అయినా నాకు తట్టలేదు. ఎందుకంటే నేను వాళ్ళ మాట వినలేదు, నా మాట ఎంత బాగా కుదిరిందో అదే వింటున్నాను.

ఆ నలభై మందిలో ఒకావిడ సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్ముతుంది. భర్త సముద్రం మీద పెద్ద బోట్లలో పనికి పోతాడు, నెలల తరబడి ఇంటికి రాడు. పదేళ్ళ కూతురు. వరద రోజుల్లో నీళ్ళలో కొట్టుకొచ్చిన రేకు ఆ పిల్ల కాలికి కోసుకుంది. తల్లి పసుపు అద్ది గుడ్డ కట్టింది. జనాన్ని తరలించే పడవ వస్తే, కప్పు మీద ఎండు చేపలు ఉన్నాయి, అవి తడిస్తే ఏడాదంతా కష్టం, రేపటి పడవకి వస్తానంది. రేపు పడవ రాలేదు, ఎల్లుండి వచ్చింది. ఆ రెండు రోజులూ తల్లీ పిల్లా తిండి లేకుండా కప్పు మీదే ఉన్నారు. అప్పటికి గాయం చీము పట్టింది. పెద్దాసుపత్రిలో పిల్ల ప్రాణం నిలబెట్టి, కాలికి రెండు వేళ్ళు తీసేశారు.

ఇదంతా నాకు పక్కింటివాళ్ళు చెప్పారు. ఆవిడ చెప్పలేదు. నేను వెళ్ళినప్పుడు ఆ పిల్ల వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. ఆవిడ అన్ని ప్రశ్నలకూ తల వంచుకుని "ఆయ్, ఉంటదండి" అంది. ప్రశ్నలయ్యాక మాటల్లో తిండి సంగతి అడిగితే "ఒంటిపూటండి" అంది. పొద్దున్న చద్దన్నం తిని వెళ్ళిపోతుందట, మళ్ళీ మర్నాడు పొద్దున్న దాకా ఏమీ తినదట. కాళ్ళకు చెప్పులు లేవు. మడమలు పగిలి నెత్తురు జీరలు కనిపిస్తున్నాయి. పక్కింటావిడ నా చెవిలో, "మొక్కుకుందనుకుంటానండి, కోరుకొండ నరసింహసామికి. పిల్ల దక్కింది కదండీ," అంది. నాకు మొక్కులు తెలుసు. మా ఇంట్లో కూడా చెప్పులు వదిలినవాళ్ళు ఉన్నారు, ఒంటిపూటలు ఉన్నవాళ్ళు ఉన్నారు. దేవుడి మీద నమ్మకం మనసుకు బలం అని ఆ కాగితం కింద నా అందమైన దస్తూరీతో రాశాను. నలభై మందిలోకీ ఆవిడకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

జనవరిలో ఆఫీసులో మీటింగు పెట్టి ఫలితాలు తెర మీద వేసి చూపించారు. రంగు రంగుల కమ్మీల గ్రాఫు. మా పేట కమ్మీ అందరికంటే పొడుగ్గా ఉంది. మేడమ్ కళ్ళు మెరుస్తున్నాయి. "చూశారా, ఏమీ లేనివాళ్ళు. కానీ తమ మీద తమకి ఎంత దయో. మనం వీళ్ళ దగ్గర నేర్చుకోవాలండి," అంది. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ పేటలో కౌన్సిలర్ అవసరం ఉన్నవాళ్ళు ఎవరూ లేరని అక్కడికక్కడే తేల్చేశారు. సమోసాలు పెట్టారు, నేను రెండు తిన్నాను.

ఏప్రిల్ నెల వచ్చింది. మండపేటలో ఎండ పేలిపోతోంది. మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ మందుల షాపుకు వెళ్ళి వస్తుంటే మిల్లుల రోడ్డు మీద ఆవిడ కనిపించింది. నెత్తిన గంప, కాళ్ళ కింద కరుగుతున్న తారు. లారీలకు దారి ఇస్తూ అంచున నడుస్తోంది. ఒక్కో అడుగూ వేసి మళ్ళీ ఎత్తడానికి తొందర పడకుండా, నింపాదిగా నడుస్తోంది. అది చూసి నాకు ఏదోలా అనిపించింది. కాళ్ళు కాలేవాళ్ళు అలా నడవరు, పరిగెడతారు.

ఆపి పలకరించాను. "బాగున్నావా అమ్మా?"

"మీ దయ వల్ల బాగానే ఉన్నానండి టీచరుగారండి."

కాగితం ముందు కూర్చున్న రోజున ఎలా అందో అలాగే అంది. అదే గొంతు, అదే తల వంచడం. అయినా నాకు ఇంకా వెలగలేదు. నా బుర్ర అంత మొద్దు.

"ఇంత ఎండలో ఈ చెప్పులు లేని నడకేంటమ్మా. నీ మొక్కు ఇంకా తీరలేదా?"

ఆవిడ నా వైపు విచిత్రంగా చూసింది. "మొక్కేంటండి?"

"నరసింహస్వామి మొక్కు. చెప్పులు, ఒంటిపూట..."

"మొక్కు కాదండి." గంప సర్దుకుంది. "మొక్కైతే ఎప్పుడో అప్పుడు తీరుద్ది కదండీ."

అంతే అంది. లారీ వస్తే పక్కకు తప్పుకుని ముందుకు వెళ్ళిపోయింది. నాకు అప్పుడు వెలిగింది. పిల్ల కాలి వేళ్ళు పోగొట్టినదాని కాళ్ళకు చెప్పులెందుకు, పిల్ల అన్నం లేక కప్పు మీద రెండు రోజులు ఉంటే తల్లికి మూడు పూటలా అన్నమెందుకు. ఆవిడ తనకు తానే శిక్ష వేసుకుంది, అందులో గడువు పెట్టుకోలేదు. దాన్ని నేను దేవుడి ఖాతాలో వేసి పైన ఐదు మార్కులు ఇచ్చాను.

ఇంటికి వచ్చి బీరువాలో దాచిన జిరాక్సు కాపీలు తీశాను. నలభై కాగితాలు మంచం మీద పరిచాను. ఒక్కొక్కటే చదువుతుంటే ఆ గొంతులు అప్పుడు వినిపించాయి. "మీ దయ ఉండాలండి", "ఎందుకుండదండి", "మీరు ఇంత దూరం వచ్చారు, అదే దయండి". ఒకావిడ ఎనిమిదో ప్రశ్నకు ఏడ్చింది. కంట్లో పొగ పడిందని చెప్పింది, నేను నమ్మి ఐదో గడిలో టిక్కు పెట్టాను. తల కొట్టేసినట్టయింది. ఒక అండి, ఒక గారు, ఒక ఆయ్. వాటి కింద ఎంత పెద్ద పుండు పెట్టినా కనపడకుండా మూసేయడం నేర్చుకున్న జనం మేం. మా మర్యాదను అందరూ మెచ్చుకుంటారు. నాకు ఆ రోజు ఆ మర్యాద మీద అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కాను. మేడమ్ కాఫీ తెప్పించింది. జరిగిందంతా చెప్పాను. ప్రశ్నలో తప్పుంది, మాటలో తప్పుంది, ఆ తప్పు నాది, నలభై కాగితాలూ చెత్త, మళ్ళీ అడుగుదాం అన్నాను. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. వినడం ఆవిడకు బాగా వచ్చు.

"మీ కన్సర్న్ నాకు అర్థమైంది టీచర్ గారూ. కానీ డేటా క్లోజ్ అయిపోయిందండి. రిపోర్టు పంపించేశాం."

"పంపిస్తే ఏం? తప్పు జరిగిందని ఇంకో ఉత్తరం పంపండి."

"అలా కుదరదండి. వచ్చే ఏడాది ఫాలోఅప్‌లో చూద్దాం."

"పోనీ నలభై మందీ వద్దు. ఆ ఒక్కావిడని లిస్టులో పెట్టండి. ఆవిడ ఇంటికి కౌన్సిలర్‌ని పంపండి. ఆవిడ పొద్దున్న తిన్న చద్దన్నంతో రోజంతా ఎండలో తిరుగుతోంది. ఎప్పుడో ఒక రోజు రోడ్డు మీద పడిపోతుంది."

మేడమ్ కంప్యూటర్లో చూసింది. "ఆవిడదే అందరికంటే హయ్యెస్ట్ స్కోరండి," అంది, నిజంగానే బాధ పడుతూ. "హయ్యెస్ట్ స్కోరున్న మనిషిని లిస్టులో పెడితే పైవాళ్ళు నన్ను అడుగుతారు. నేనేం చెప్పను?"

"తెలుగు పంతులమ్మకి తెలుగు రాలేదని చెప్పండి."

ఆవిడ నవ్వి, నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "మీరు అనవసరంగా గిల్టీగా ఫీలవుతున్నారు. మీ మీద మీరు కొంచెం దయగా ఉండండి టీచర్ గారూ."

నా జీవితంలో నేను అంత గట్టిగా అరిచింది లేదు. ముప్పై ఏళ్ళ బడి ఉద్యోగంలో వెనక బెంచీల మీద కూడా అరవలేదు. ఏమన్నానో అన్నీ గుర్తు లేవు. ఇక్కడ అందరికీ నా మీద దయ ఉంది, నాకు అక్కర్లేదు, అక్కడికి పంపండి అన్నట్టు గుర్తు. పక్క గదిలో వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చూశారు. మేడమ్ మొహంలో కోపం కూడా లేదు. అదే నాకు ఇంకా మంట. కోప్పడితే పోట్లాడేదాన్ని. ఆవిడ నాకు మంచినీళ్ళ గ్లాసు అందించింది. మెట్లు దిగుతూ పళ్ళు కొరుక్కున్నాను.

ఆ ఆదివారం పేటకు వెళ్ళాను. ఒప్పుకోవాలి, అదొక్కటే మిగిలింది. మధ్యాహ్నం ఒంటిగంట అవుతోంది. ఆవిడ అమ్మకం ముగించుకుని వచ్చి, గుమ్మంలో కూర్చుని ఖాళీ గంప కడుగుతోంది. లోపల పిల్ల ఒక్కతే అన్నం తింటోంది. ఆ ప్లాస్టిక్ కుర్చీ మళ్ళీ వచ్చింది. నేను అందులో కూర్చోలేదు, ఆవిడ పక్కన అరుగు మీద కూర్చున్నాను.

చెప్పాను. నేను అడిగిన మాట తప్పని, నువ్వు మర్యాదకు అన్న మాటకు నీకు మార్కులు వేశానని, వారం వారం వచ్చి నీ మాట వినే మనిషి నీకు రాకుండా పోయింది నా వల్లేనని, ఏదీ దాచకుండా చెప్పాను. వారం వారం ఒకావిడ వస్తుందన్నది ఆవిడకు అంతగా అర్థం కాలేదు. నేను బాధ పడుతున్నానన్నది మాత్రం వెంటనే అర్థమైంది.

"పోనీండి టీచరుగారండి," అంది. "తెలీక జరిగింది కదా. కావాలని సేత్తారా ఏంటి ఎవరైనా. ఆ టయానికి మీకలా తోసింది. మీరు మనసులో పెట్టుకోకండి. లేని జబ్బు తెచ్చుకుంటారు."

ఎంత బాగా అంది. ఏ కౌన్సిలరూ అంత బాగా అనలేదు. ఎంత ఒద్దికగా, ఎంత తేలిగ్గా నన్ను వదిలేసింది. నాకు కోపం ఆగలేదు.

"ఇప్పుడు నాతో అన్నావే, తెలీక జరిగిందని. ఆ మాట నీకు నువ్వు ఒక్కసారైనా చెప్పుకున్నావా?"

ఆవిడ గంప కడగడం ఆపింది.

"మీకూ నాకూ పోలికేంటండి. మీరు కాయితం మీద టిక్కు పెట్టారు. నేను పిల్ల కాలికి పసుపు పెట్టి కూకున్నాను. పడవ వత్తే పొమ్మన్నాను. ఎండు సేపల కోసవండి."

"నిన్ను నువ్వు ఏమని తిట్టుకుంటావు?"

"మీ ముందు అనకూడదండి."

"అను."

అంది. లోపల పిల్లకు వినపడకుండా, గొంతు తగ్గించి, నీళ్ళ వైపు చూస్తూ అంది. చాలాసేపు అంది. ఆ మాటలు ఇక్కడ రాయను. పగవాడి పెళ్ళాన్ని కూడా ఎవరూ అలా తిట్టరు. రోజూ గంప ఎత్తుకున్న దగ్గర నుంచి దింపే దాకా ఇవే అనుకుంటూ నడుస్తుందట. పన్నెండు ప్రశ్నల కాగితంలో వాటికి గడి లేదు.

చదువుకున్న మాటలన్నీ దండగ అయిపోయాయి. కోపంలోనే అన్నాను, "నాకు ఆకలేస్తోంది. అన్నం పెట్టు."

ఆవిడ బిత్తరపోయింది. "మా ఇంట్లోనాండి?"

మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. ఆ పేటకు అన్నిసార్లు వెళ్ళాను, మంచినీళ్ళు కూడా ఇంటి నుంచే పట్టుకెళ్ళాను. వాళ్ళూ ఎప్పుడూ ఇవ్వబోలేదు, నొచ్చుకుంటానని. రెండు వైపులా మర్యాదగానే ఉన్నాం. ఆ మర్యాద కూడా తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

"ఇక్కడే. కూర వద్దు. ఆవకాయ ఉంటే చాలు."

పరుగెత్తింది. ఎవరింటి నుంచో పెరుగు తెచ్చింది, ఎప్పుడూ వాడని స్టీలు కంచం కడిగి తుడిచి మళ్ళీ కడిగింది. వేడన్నం పెట్టి, ఆవకాయ వేసి, నా ముందు నిలబడింది.

"నీకూ పెట్టుకో," అన్నాను.

"నాకు ఒంటిపూటండి."

"అయితే నాకూ ఒంటిపూటే. పొద్దున్న ఇడ్లీ తిన్నాను, చాలు." కంచం పక్కకు జరిపాను.

ఇంటికి వచ్చిన మనిషి కంచం ముందు నుంచి తినకుండా లేచిపోవడం మా వైపు ఏ ఇంట్లోనూ భరించలేరు. ఆవిడ మొహం తెల్లబోయింది. అది తెలిసే చేశాను. ఆ మర్యాదే నలభై కాగితాలను పాడు చేసింది, ఇప్పుడు దాన్నే పట్టుకుని ఆవిడ మెడలు వంచాను. తరవాత ఇంకో కంచం తెచ్చుకుని, నాకు కాస్త దూరంగా కూర్చుంది. అన్నం కలిపింది. కలిపిన ముద్ద చాలాసేపు వేళ్ళ మధ్యే ఉండిపోయింది. నేను చూడనట్టు నా కంచంలోకి చూస్తూ తిన్నాను.

లోపల నుంచి పిల్ల వచ్చి గుమ్మంలో ఆగింది. తల్లి చేతిలో ముద్ద చూసింది. తన కంచం తెచ్చుకుని తల్లి ఒళ్ళో మోకాలు ఆనేలా దగ్గరగా కూర్చుంది. అప్పుడు ఆవిడ తిన్నది. మొదటి ముద్ద దిగడానికి నీళ్ళు కావాల్సి వచ్చింది. తరవాత ఆగకుండా తిన్నది. ఎనిమిది నెలల మధ్యాహ్నాల ఆకలి అది. కంచం ఖాళీ అయ్యాక చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుంది.

నేను గెలిచాననుకున్నాను. నిజం, మనసులో పొంగిపోయాను. ఏ కాగితమూ లేకుండా, ఏ మేడమూ లేకుండా సాధించాననుకున్నాను. చెప్పులు వేసుకుంటూ అడిగాను, "రేపు కూడా మధ్యాహ్నం ఇలాగే తింటావు కదా?"

ఆవిడ కంచాలు తీస్తూ నవ్వింది. "రేపు మీరు రారు కదండీ," అంది.

ఏటిగట్టు ఎక్కే దాకా నాకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ఆవిడ తన ఆకలికి తినలేదు. నా ఆకలి కోసం తిన్నది.

అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం, ఆదివారం వెళ్తున్నాను. మండపేట నుంచి బస్సు, బస్సు దిగాక ఆటో, గట్టు దిగి నడక. నా మోకాళ్ళకు అంతకంటే చేతకాదు. వెళ్ళిన రోజు ఇద్దరం తింటాం, బడి నుంచి అన్నానికి వచ్చి పిల్ల కూడా మాతో కూర్చుంటుంది. ఈ వేసవికి చెప్పుల జత కొనిచ్చాను, నా ముందు వేసుకుని చూపించింది. మేడమ్ ఆ మధ్య ఫోన్ చేసి ఫాలోఅప్‌కు ప్రశ్నలు మార్చి ఇవ్వమని అడిగింది. ఒక్కటే ప్రశ్న ఇచ్చాను, మీరు నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు అని. అది స్కేలులో లేదండి అంది. ఫోన్ పెట్టేశాను.

నా కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు. వారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో మధ్యాహ్నం పొయ్యి వెలుగుతుంది, పిల్లకు అన్నం ఉడుకుతుంది. ఆవిడ వడ్డించి, గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది.